పదో తరగతికి ఊరి బడా, హనుమకొండ హాస్టలా?

పరకాల రైతు:
మావాడు మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది రాసిండు. లెక్కల్లో వెనక. ఫోన్ పట్టుకుంటే వదలడు. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూలుకు పోయి అడిగితే హాస్టల్‌తో సహా సీటు ఉంది, సగం ఫీజు ముందే కట్టమన్నారు. మిర్చి అమ్మిన పైసలున్నాయి. వాడికి మాత్రం పోవుడు ఇష్టం లేదు. ఒక్క ఏడాదే కదా, వెయ్యాల్నా వద్దా?

కాజీపేట అక్క:
వేసెయ్యండి అన్నా. మా పాప అట్లనే చదివింది. పొద్దున అయిదింటికి లేపుతారు, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్. ఫోన్ ముచ్చటే లేదు. ఇంట్లో మనం చెబితే వింటారా ఈ వయసులో? చుట్టూ అందరూ చదువుతుంటే వాడూ పుస్తకం తీస్తాడు.

నర్సంపేట లెక్కల సార్:
నేను సర్కారు బడి టీచర్నే, ఆ సంగతి ముందే చెబుతున్నా. బాసర ట్రిపుల్ ఐటీ ఆలోచన ఏమైనా ఉందా? అక్కడ ఎంట్రన్స్ లేదు, పదో తరగతి ఫలితంతోనే ఆరేళ్ల బీటెక్ సీటు ఇస్తారు. జిల్లా పరిషత్ లాంటి నాన్ రెసిడెన్షియల్ సర్కారు బడి పిల్లలకు అదనంగా వెయిటేజీ కలుపుతారు. పదికి ప్రైవేటుకు మారిస్తే దాన్ని చేజేతులా వదులుకున్నట్టే.

ఇక లెక్కలు. మీవాడి నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. నా దగ్గర వెనకబడ్డ పిల్లల్లో సగం మందికి లెక్క వస్తుంది, రాయడమే రాదు. వర్గ సమీకరణం ఇస్తే సూత్రం రాయరు, విలువలు ప్రతిక్షేపించరు, మార్జిన్‌లో గుణించి జవాబు ఒక్కటే పడేస్తారు. ఆ జవాబు తప్పయితే సున్నా. అదే స్టెప్పులుంటే చివర్లో తప్పుపోయినా కొన్ని మార్కులు పడతాయి. దీనికి హాస్టల్ అక్కర్లేదు. రోజూ నాలుగు లెక్కలు, చూడకుండా, పూర్తిగా రాస్తే చాలు. హిందీలో 20 వస్తే పాసే కదా అని వదిలేసే పిల్లలూ ఉన్నారు, 600లో ఆ సబ్జెక్టుకు కూడా 100 అని చెప్పండి.

ఇంకో మాట, ఏమనుకోవద్దు. జనవరి నుంచి మిర్చి ఏరుడుకు వాణ్ని తీసుకుపోకండి. సాయంత్రం స్పెషల్ క్లాసులు పోతాయి.

కాజీపేట అక్క:
సార్, అన్ని బళ్లలో మీలాంటి సార్లు ఉండరు కదా. మా ఊళ్లో లెక్కల పోస్టు చాలా కాలం ఖాళీగానే ఉండె. అందుకే పంపినం.

ఇంటర్ సెకండియర్ తమ్ముడు:
నేను పది హాస్టల్‌లోనే చదివిన. అక్క చెప్పిన టైం టేబుల్ నిజమే. కానీ స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి కూర్చుని నిద్రపోవుడు ఎట్లనో కూడా అక్కడే నేర్చుకున్న. ఆదివారం ఫోన్ కోసం లైన్‌లో నిలబడితే, నా వంతు వచ్చేసరికి అమ్మ పొలంలో ఉండేది. వెళ్తానన్న పిల్లలకు పర్వాలేదు, వద్దన్నోణ్ని పంపకండి పెద్దనాన్నా. మొదటి రెండు నెలలు ఏడుపుతోనే పోతాయి. లెక్కల టెన్షన్‌కు ఇంటి మీద బెంగ తోడైతది.

ఒకవేళ ఒక సబ్జెక్టు తప్పినా జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరొచ్చు. మా క్లాసోడు అట్లనే చేరిండు.

పరకాల రైతు:
అందరికీ థాంక్స్. నోట్‌బుక్ చూసిన సార్, మీరు చెప్పినట్టే జవాబులు తప్ప ఏం లేవు. మా బడిలో లెక్కల సార్ ఉన్నడు. రేపు పోయి కలుస్త. ఫీజు కట్టుడు ఆపిన. కానీ ఫోన్ సంగతి ఎవరూ చెప్పకపోతిరి.

నర్సంపేట లెక్కల సార్:
రాత్రి తొమ్మిదికి ఇంట్లో అందరి ఫోన్లూ ఒక్క చోట పెట్టండి. మీది కూడా.

కాజీపేట అక్క:
సార్ చెప్పింది బాగానే ఉంది. అయినా దసరా నాటికి మార్కులు చూసుకోండి అన్నా, పెరగకపోతే నా మాట మళ్లీ ఆలోచించండి.