విద్యార్థి స్కాలర్‌షిప్ వ్యాసాన్ని అధ్యాపకులు దిద్దవచ్చా? దిద్దితే ఎంతవరకు?

కెమిస్ట్రీ టీచర్:
నేను డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను, చిన్న ల్యాబ్ కూడా నడుపుతాను. మూడేళ్ల క్రితం మా ల్యాబ్‌లో పనిచేసిన ఒక అమ్మాయి పరిశోధన స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకుంది. గడువు ఇంకా రెండు రోజులు ఉందనగా వ్యాసం తెచ్చి చూపించింది. విషయం ఉంది కానీ వాక్యాలు కుదరలేదు. రాత్రి కూర్చుని దిద్దాను. దిద్దుతూ దిద్దుతూ సగం నేనే రాసేశాను. ఉష్ణోగ్రత తగ్గించి చూస్తే అక్కర్లేని పదార్థం తక్కువగా తయారైందని తను మామూలు మాటల్లో రాసుకుంది. నేను దాన్ని "ఉత్ప్రేరకం ఎంపిక స్వభావాన్ని నియంత్రించే కారకాల అన్వేషణ" అని మార్చాను.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న సరిగ్గా ఆ వాక్యం మీదే వచ్చింది. నెలల తరబడి రోజూ చేసిన పని గురించే అడిగారు, కానీ ఆ మాట తనది కాదు. నోరు పెగల్లేదట. బయటికి వచ్చి నాకు ఫోన్ చేసి, "సారీ మేడమ్, మీరు రాసింది నేను చెప్పలేకపోయాను" అంది. తప్పు నాది, సారీ చెప్పింది తను. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పటి నుంచి నేను ఎవరి వ్యాసం మీదా పెన్ను పెట్టడం లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేసే అమెరికా విద్యార్థులు ఒక హామీ మీద సంతకం పెట్టాలి. ఈ వ్యాసం పూర్తిగా నాదే, నేను తప్ప ఎవరూ దిద్దలేదు, బాగుచేయడానికి ఎవరూ సలహాలు కూడా ఇవ్వలేదు అని. అది అన్నిచోట్లా ఉండాల్సిన నియమం అని నా అభిప్రాయం. మా విభాగంలో చాలామంది ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

మొదటితరం:
మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ దాని నుంచి మీరు తీసుకున్న నిర్ణయంతో నేను ఏకీభవించలేను.

మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటివాణ్ణి నేనే. స్కాలర్‌షిప్ వ్యాసం అంటే ఏమిటో రాసేనాటికి నాకు తెలియదు. కష్టాలు చెప్పుకోవాలేమో అనుకుని రెండు పేజీల నిండా ఇంటి ఇబ్బందులు రాశాను. పరిశోధన గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి. మా సర్ అది చదివి, "వీళ్లు నీ మీద జాలిపడాలని కాదు, నీ ఆలోచన ఎలా నడుస్తుందో చూడాలని అడుగుతున్నారు" అన్నారు. ఆ ఒక్క మాట నాకు ఎవరు చెప్పేవాళ్లు? తర్వాత ఆయన నా డ్రాఫ్టు ఐదుసార్లు చూశారు. ఎర్ర సిరాతో నిండిన ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

తల్లిదండ్రులు ప్రొఫెసర్లయిన ఇంట్లో ఈ సాయం అన్నం తింటూ మాట్లాడుకునే మాటల్లోనే అందిపోతుంది. ఏ హామీ పత్రమూ దాన్ని పట్టుకోలేదు. మీరు పెన్ను పక్కన పెడితే నష్టపోయేది మాలాంటివాళ్లే. నియమం అందరికీ ఒకటే కావచ్చు, దాని దెబ్బ మాత్రం అందరికీ ఒకేలా తగలదు.

ఇంకో విషయం. విదేశాల్లో చదువుకీ పరిశోధనకీ అమెరికా ప్రభుత్వం డబ్బిచ్చే ఫుల్‌బ్రైట్ కార్యక్రమం 1946 నుంచి నడుస్తోంది. అందులో అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు దరఖాస్తు చేసేటప్పుడు క్యాంపస్‌లోనే ఒక సలహాదారు ఉంటారు, అధ్యాపకుల బృందం ఇంటర్వ్యూ చేస్తుంది, వాళ్లు చెప్పింది విని తుది గడువులోగా విద్యార్థి మార్చుకోవచ్చు. అక్కడ సాయం పద్ధతిలో భాగం. రోడ్స్ వాళ్లది ఒక దారి, వీళ్లది ఇంకో దారి. మీరు మొదటిదాన్నే నీతి అనుకుంటున్నారు.

సంతకం విలువ:
మొదటితరం గారూ, మీరు చెప్పిన అన్యాయం నిజమే. అయినా ఒకటి స్పష్టంగా ఉండాలి. సాయం తీసుకోలేదు అని సంతకం అడిగే చోట సాయం చేయడం అంటే, విద్యార్థి చేత అబద్ధం మీద సంతకం పెట్టించడమే. పరిశోధనలో మొదటి పాఠం నిజాయితీ అని మనమే చెబుతాం. ఆ పాఠాన్ని మన పెన్నుతోనే కొట్టేయకూడదు. సాయానికి ఒప్పుకునే స్కాలర్‌షిప్పులు వేరు. అధ్యాపకులు పెన్ను తీసే ముందు ఆ దరఖాస్తు నియమాలు తెరిచి చదవాలి. చాలామంది చదవరు.

ఎంపిక కమిటీ నుంచి:
కొన్నేళ్లుగా ఇలాంటి దరఖాస్తులు చదివేవాళ్లలో నేనూ ఒకణ్ణి. చదివేవైపు నుంచి చెబుతాను.

కెమిస్ట్రీ టీచర్ గారు మార్చిన వాక్యం లాంటివి వందల్లో చూశాను. అన్నీ ఒకేలా ఉంటాయి. ఆ అమ్మాయి మొదట రాసుకున్న వాక్యం ఉంది చూడండి, ఉష్ణోగ్రత తగ్గిస్తే అక్కర్లేనిది తగ్గింది అని, అది నా కంటపడితే ఆగి చదివేవాణ్ణి. ఆ పని చేతులతో చేసిన మనిషి మాట అది. కాబట్టి మీరు చేసిన సాయంలో తప్పు ఎక్కువ దిద్దడం ఒక్కటే కాదు మేడమ్, ఉన్న బలాన్ని తీసేయడం. దీన్ని కఠినంగా చెబుతున్నానని అనుకోకండి, నా దగ్గర చదువుకున్న పిల్లలకు నేనూ ఒకప్పుడు ఇదే చేశాను.

అయితే నాకు వ్యాసాల కంటే రికమెండేషన్ లెటర్ల గురించే ఎక్కువ బెంగ. "కష్టపడి పనిచేస్తుంది, సమయానికి వస్తుంది, వినయం కలది" అని మూడు వాక్యాలు రాసి పంపుతారు. ఆ లెటర్‌తో నేనేం చేయను? అది విద్యార్థికి మేలు చేయకపోగా, ఈ అధ్యాపకుడికి ఈమె పెద్దగా తెలియదు అని చెబుతుంది. ప్రయోగం మూడుసార్లు విఫలమైనప్పుడు ఆమె ఏం చేసింది? గైడ్ చెప్పని ఏ ప్రశ్న తనంతట తాను అడిగింది? ఒక్క సంఘటన రాస్తే చాలు.

లెటర్లలో మనకు తెలియకుండానే పక్షపాతం కూడా దూరుతుంది. 2003లో ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా అమెరికాలోని ఒక పెద్ద మెడికల్ కాలేజీలో అధ్యాపక పోస్టుల కోసం వచ్చిన 300కు పైగా లెటర్లను పరిశీలించారు. మహిళల కోసం రాసినవి సగటున చిన్నవిగా ఉన్నాయి, అనుమానం కలిగించే మాటలూ వాటిలోనే ఎక్కువ కనిపించాయి. అవి ఉద్యోగాల లెటర్లే, కానీ అలా రాసే అలవాటు విద్యార్థుల లెటర్ల దగ్గర ఆగిపోతుందని నేననుకోను. నేను రాసే ప్రతి లెటర్‌నీ పేరు మార్చి మళ్లీ చదువుకుంటాను, అబ్బాయికైతే ఈ మాట రాసేవాణ్ణా అని.

"నీ లెటర్ నువ్వే రాసుకురా, నేను సంతకం పెడతా" అనే పద్ధతి మీద మాత్రం నాకు ఏమాత్రం ఓర్పు లేదు. ఇరవై ఏళ్ల పిల్లలు తమ గురించి గొప్పగా రాసుకోలేక నలిగిపోతారు. అలా రాసుకోగలిగినవాళ్లకే బలమైన లెటర్ దక్కుతుంది. విద్యార్థిని చేసిన పనుల జాబితా అడగండి, మీ అభిప్రాయం మాత్రం మీరే రాయండి.

ఫిజిక్స్ సెక్షన్:
అందరూ బాగా చెప్పారు. కానీ ఐదుసార్లు డ్రాఫ్టు చూసే సమయం ఎవరి దగ్గరుంది? నా క్లాసులో నూరు మందికి పైగా ఉన్నారు. ఏటా లెటర్లు అడిగేవాళ్లే ఇరవై, ముప్పై మంది. ఈ పని నా ప్రమోషన్ ఫారంలో ఏ గడిలోనూ పట్టదు. పరిశోధన పత్రాలు లెక్కపెడతారు, ఫలితాల శాతం లెక్కపెడతారు, ఒక విద్యార్థి దరఖాస్తు కోసం పోగొట్టుకున్న రాత్రులను ఎవరూ లెక్కపెట్టరు.

సమయం తక్కువైతే ఏమవుతుందో నిజాయితీగా ఒప్పుకుంటాను. ముందు బెంచీలో కూర్చుని ప్రశ్నలు వేసేవాళ్లకూ, ధైర్యంగా గదికి వచ్చి అడిగేవాళ్లకూ నా సాయం వెళుతుంది. వెనక బెంచీలో ఎవరున్నారో కొన్నిసార్లు పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడే తెలుస్తుంది. మనం వాదిస్తున్నది దిద్దడం గురించి, కానీ మన గడప దాకా రానివాళ్లకు ఆ ప్రశ్నే లేదు.

అందుకే పరిశోధనను క్లాసులోకే తేవాలి అంటాను. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మార్గరెట్ మెక్‌వికర్ 1969లో డిగ్రీ విద్యార్థుల పరిశోధన కార్యక్రమం మొదలుపెట్టారు. విద్యార్థి ఒక అధ్యాపకుడి ల్యాబ్‌లో చేరి క్రెడిట్ల కోసమో జీతానికో పనిచేస్తాడు. మంచి పద్ధతి, కానీ ఒక్కో ల్యాబ్ కొద్దిమందినే తీసుకోగలదు. తర్వాత వచ్చిన కోర్సు పద్ధతి వేరు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం 2005లో మొదటి సంవత్సరం విద్యార్థులకే పరిశోధన కోర్సు పెట్టింది. 2008లో మొదలైన సీ ఫేజెస్ కార్యక్రమంలో విద్యార్థులు మట్టి తెచ్చి, అందులోంచి బాక్టీరియాలను తినే వైరస్‌ను వేరుచేసి, దానికి తామే పేరు పెడతారు, జన్యుక్రమాన్ని విశ్లేషిస్తారు. క్లాసులో ఉన్న ప్రతి ఒక్కరూ చేస్తారు, అడిగిన ధైర్యవంతులు మాత్రమే కాదు.

అలా చేసినవాడికి వ్యాసంలో రాయడానికి సొంత విషయం ఉంటుంది. నేను దిద్దాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

సంతకం విలువ:
సర్, క్లాసు మొత్తం చేసిన పనిని ప్రతి ఒక్కరూ "నా పరిశోధన" అని రాస్తే? 2015లో పండు ఈగ జన్యువుల మీద 1,014 మంది రచయితలతో ఒక పత్రం వచ్చింది, వాళ్లలో 900 మందికి పైగా డిగ్రీ విద్యార్థులే. ఇంతమందిని రచయితలనవచ్చా అని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది.

ఫిజిక్స్ సెక్షన్:
జరిగింది. ఆ పత్రం నడిపినవాళ్లు ఇచ్చిన జవాబు కూడా ఉంది. పత్రాన్ని చదివి, విమర్శించి, ఆమోదించిన విద్యార్థుల పేర్లే పెట్టామన్నారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. రచయితగా పేరు కావాలంటే ముందు పత్రం మొత్తం చదివి మాట్లాడాలి. చాలామంది సీనియర్ సహరచయితలు ఆ పని చేయరు.

మూడో సంవత్సరం:
అందరికీ నమస్కారం. ఇక్కడ రాస్తున్నవాళ్లలో ఇప్పుడు చదువుతున్నది నేనొక్కదాన్నే అనుకుంటా. కొంచెం టెన్షన్‌గానే రాస్తున్నాను.

ఎలా దిద్దాలి అని మీరంతా మాట్లాడుతున్నారు. నాకు అసలు ఆ స్కాలర్‌షిప్ ఉందని తెలిసేసరికే గడువు దాటింది. అమెరికాలో సైన్స్, గణితం, ఇంజినీరింగ్ విద్యార్థులకిచ్చే గోల్డ్‌వాటర్ స్కాలర్‌షిప్ గురించి చదివాను. దానికి విశ్వవిద్యాలయమే విద్యార్థిని నామినేట్ చేయాలి. అంటే నా పేరు ఎవరో ఒక అధ్యాపకుడి నోటి నుంచి రావాలి. ఎవరికీ నేను తెలియకపోతే?

రెండోది, ల్యాబ్‌లో ఊరికే పనిచేయమంటారు. సాయంత్రాలు నేను ఉద్యోగం చేస్తాను. ఆ గంటలు వదిలి ల్యాబ్‌కి వస్తే ఫీజు కట్టలేను. "ఆసక్తి ఉంటే సమయం దొరుకుతుంది" అన్నారు ఒక సర్. ఆయనకు కోపం తెప్పించడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఆసక్తి ఉంది సర్, డబ్బే లేదు.

మూడోది చిన్న విషయం. ల్యాబ్‌లో చేరాలని ప్రొఫెసర్‌కి మెయిల్ ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు. పదకొండు మెయిళ్లు పంపాను, ఒక్క జవాబే వచ్చింది.

మొదటితరం:
చెల్లీ, ఆ మెయిల్ ఇక్కడ పెట్టు, పేర్లు తీసేసి. ఆ ప్రొఫెసర్ రాసిన ఒక పత్రం చదివి, అందులో నీకు అర్థంకానిదో, ఆసక్తి కలిగించిందో ఒక్క ప్రశ్న రాయి. వారానికి ఎన్ని గంటలు రాగలవో రాయి. నాలుగు వాక్యాలు చాలు. జీతం ఇచ్చే అవకాశాలు ముందు వెతుకు, అలా అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987 నుంచి నడిపిస్తున్న వేసవి పరిశోధన కార్యక్రమంలో విద్యార్థులకు స్టైపెండ్ ఇస్తారు. డబ్బు ఇవ్వకపోతే డబ్బున్న పిల్లలే వస్తారని అందరికీ తెలిసిందే.

కెమిస్ట్రీ టీచర్:
రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. మొదటితరం గారు అన్నది మొదట నచ్చలేదు, తర్వాత నిద్ర పట్టలేదు. పెన్ను పక్కన పెట్టి నేను నా మనసును కాపాడుకున్నాను, పిల్లలకు ఏం అందిందో చూసుకోలేదు.

అయినా మళ్లీ వాక్యాలు దిద్దను. ఆ విషయంలో మారలేదు. ఇకపై ఇలా చేద్దామనుకుంటున్నాను: గడువుకి రెండు నెలల ముందు విద్యార్థిని కూర్చోబెట్టి అరగంట మాట్లాడిస్తాను. ఏం చేశావు, ఎందుకు చేశావు, ఎక్కడ ఆగిపోయావు, ఇంకేం తెలుసుకోవాలనుంది. తను చెబుతుంటే నేను రాసి, ఆ కాగితం తనకే ఇచ్చేస్తాను. అందులో ఉన్నవన్నీ తన మాటలే. ఆ తర్వాత వ్యాసం తనే రాసుకుంటుంది. నియమాలు ఒప్పుకున్న చోట డ్రాఫ్టు చదివి అంచున ప్రశ్నలు మాత్రం వేస్తాను. "ఇది ఎలా తెలిసింది?" "ఇక్కడ నువ్వు చేసిందేది, ల్యాబ్ చేసిందేది?" లాంటివి.

సంతకం విలువ:
మేడమ్, సలహాలు కూడా వద్దన్న చోట అంచు ప్రశ్న కూడా సలహాయే. అక్కడ అదీ వద్దు. ముందు మాట్లాడే అరగంట సంగతి కూడా నియమాల్లో స్పష్టంగా లేకపోతే, నిర్వాహకులకు మెయిల్ రాసి అడిగాకే మొదలుపెట్టండి.

మొదటితరం:
నాకు ఇది సగమే ఒప్పుదల. భాషే అడ్డమైన విద్యార్థి ఉంటాడు, ఆలోచన ఉండి వాక్యం కుదరనివాడు. వాడికి ప్రశ్నలు చాలవు, వాక్యం ఎలా కడతారో పక్కన కూర్చుని చూపించాలి. మా సర్ చూపించారు. దాన్ని తప్పంటే నేను ఒప్పుకోను.

కెమిస్ట్రీ టీచర్:
ఒప్పుకోవద్దు. కానీ ఆ వాక్యం కట్టడం గడువుకి రెండు రోజుల ముందు దరఖాస్తు మీద కాకుండా, మొదటి సంవత్సరం ల్యాబ్ రికార్డు మీద నేర్పితే? ఆ రికార్డులు నేను వారం వారం దిద్దుతూనే ఉన్నాను, ఇన్నాళ్లూ అంకెలు మాత్రమే చూశాను.

మూడో సంవత్సరం గారూ, నీ మెయిల్ పెట్టలేదు. పెట్టమ్మా, రేపు ఉదయం చూస్తాను.