గయ్యాళి అత్త ముద్ర సూర్యకాంతానికి మేలు చేసిందా, కీడు చేసిందా?

పాతరీలు:
నిన్న రాత్రి ‘గుండమ్మ కథ’ (1962) మళ్లీ చూశాను. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి, జమున అందరూ ఉన్నా సినిమా పేరు మాత్రం సూర్యకాంతం పాత్రదే. అయినా నాకు బాధే మిగిలింది. 1950లో ‘సంసారం’ దగ్గర్నుంచి ఆవిడను ఆ వేషానికే కట్టేశారు. అంతటి నటికి ఇంకేమీ రాయలేకపోయారా? ఆ ముద్ర ఆవిడను మింగేసిందనే అంటాను.

గోదారి గట్టు:
నేను ఒప్పుకోనండీ. గయ్యాళితనం ఒకటే కావచ్చు, మనుషులు ఒకటి కాదు. గుండమ్మనే తీసుకోండి. కొంగు బిగించి, ఎడమ చెయ్యి తిప్పుతూ సవతి కూతురు లక్ష్మి మీద విరుచుకుపడుతుంది. సొంత కూతురు సరోజను నెత్తిన పెట్టుకుంటుంది. చివర్లో ఛాయాదేవి పాత్ర గుండమ్మ ఇంట్లోనే తిష్ఠ వేసి ఆమెను గదిలో పెట్టి తాళం వేసినప్పుడు చూడండి. అప్పటిదాకా ఆవిణ్ణి తిట్టుకున్న మనమే ‘అయ్యో పాపం’ అంటాం. లక్ష్మి వచ్చి విడిపించేదాకా మనసు ఆగదు. ఒక్క సినిమాలో ఆ కొస నుంచి ఈ కొసకు ప్రేక్షకుణ్ణి లాక్కురావడం మాటలా?

‘మాయాబజార్’ (1957) హిడింబిని కూడా మర్చిపోకండి. అందులో ఘటోత్కచుడి తల్లి ఆవిడ. రాక్షసి వేషమే అయినా, గయ్యాళితనం మచ్చుకైనా కనిపించదు.

మెట్ట ప్రాంతం:
నటన గురించి గొడవే లేదు. నా బాధ పేరు గురించి. ఆవిడ వల్ల ఆడపిల్లలకు సూర్యకాంతం అని పేరు పెట్టడానికే జనం జంకారని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. మా మేనత్త పేరు అదే. కాపురానికి వెళ్లిన వారానికే అత్తగారింట్లో వాళ్లు ‘సూర్యం’ అని మార్చేశారు. ‘పెద్ద సూర్యకాంతంలా ఉన్నావే’ అన్న మాట ఇప్పటికీ తిట్టే కదా? నోరున్న ప్రతి ఆడదానికీ ఆ పేరు అంటగట్టారు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, కానీ కీడు జరగలేదని ఎలా అంటాం?

గోదారి గట్టు:
మీరన్నది నిజమే, ఆ కోణంలో నేను ఆలోచించలేదు. అయితే అది ఆవిడకు జరిగిన కీడు కాదు, ఆవిణ్ణి అడ్డం పెట్టుకుని మనవాళ్లు ఇళ్లలో చేసింది. ఒక్కటి అడగనా? మరి మీ మేనత్తగారు ఆవిడ సినిమాలు చూసేవారా?

మెట్ట ప్రాంతం:
చూడకేం! టీవీలో వస్తే పొయ్యి కట్టేసి వచ్చి కూర్చునేది. ‘ఈవిడ నోట్లో సగం నాకుంటేనా’ అనేది.