ప్లాన్స్ చెప్పేటప్పుడు విల్ వాడాలా, గోయింగ్ టు వాడాలా? ఐఈఎల్టీఎస్ స్పీకింగ్ డౌట్

కృష్ణలంక_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. వచ్చే నెల ఐఈఎల్టీఎస్ (విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష) రాస్తున్నా, మిగతావి పర్లేదు గానీ స్పీకింగ్ అంటేనే భయం. స్కూల్లో మాకు ఫ్యూచర్ టెన్స్ అంటే విల్, షల్ అని చెప్పి "ఐ షల్ గో, యూ విల్ గో" అని బట్టీ పట్టించారు, అక్కడితో అయిపోయింది. ఇప్పుడు కోచింగ్‌లో మాక్ టెస్ట్ పెట్టి "వాట్ ఆర్ యూ డూయింగ్ దిస్ వీకెండ్" అని అడిగారు, నేనేమో "ఐ విల్ గో టు మై ఆంట్స్ హౌస్, ఐ విల్ అటెండ్ ఎ మ్యారేజ్, ఐ విల్ కమ్ బ్యాక్ ఆన్ మండే" అని గడగడా చెప్పేశా. మేడమ్ తప్పు కాదు గానీ న్యాచురల్‌గా లేదు అన్నారు, ఎందుకు అని అడిగేలోపు పక్కవాళ్ళ టర్న్ వచ్చేసింది. యూట్యూబ్‌లో ఒకాయన దగ్గర్లో జరిగేదానికి గోయింగ్ టు, దూరంగా ఉన్నదానికి విల్ అంటాడు, ఇంకొకావిడ పక్కా అయితేనే విల్ అంటుంది. అసలు "డూయింగ్" అని శనివారం గురించి ఎలా అడుగుతారండీ, అది ప్రెజెంట్ కంటిన్యూయస్ కదా?

పాత_ట్యూషన్_మాస్టారు:
అమ్మా, ఆ వీడియోలు రెండూ పక్కన పెట్టెయ్యి. దగ్గరా దూరమా అన్నది లెక్కే కాదు. "ఐ విల్ కాల్ యూ ఇన్ ఫైవ్ మినిట్స్" అంటారు, ఇరవై ఏళ్ళ కుర్రాడు "ఐ యామ్ గోయింగ్ టు రిటైర్ ఎట్ ఫిఫ్టీ" అని కూడా అంటాడు, రెండూ శుభ్రమైన ఇంగ్లీషే. చూడాల్సింది ఆ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నావు అని. ఇంట్లో అమ్మ పాలు అయిపోయాయి అంది అనుకో. నీకు ఆ సంగతి అప్పుడే తెలిసి సరే తెస్తాలే అంటే "ఐ విల్ గెట్ సమ్". పొద్దున్నే చూసుకుని, చెప్పులేసుకుని షాపుకి బయల్దేరబోతుంటే అమ్మ అదే మాట అందనుకో, అప్పుడు "ఐ నో, ఐ యామ్ గోయింగ్ టు గెట్ సమ్". పాలు అవే, షాపు అదే, కానీ రెండో దాంట్లో నిర్ణయం ముందే అయిపోయింది.

ఇక డూయింగ్ సంగతి. ఇది మనకి కొత్తేం కాదమ్మా, తెలుగులో రోజూ చేసేదే. టికెట్ చేతిలో ఉంటే "రేపు హైదరాబాద్ వెళ్తున్నా" అంటాం కదా, అది మాత్రం ప్రెజెంట్ కాదా మరి? టికెట్ ఇంకా తియ్యకపోతే "వెళ్దామనుకుంటున్నా" అంటాం. ఎవరూ ముందుకు రాకపోతే "సర్లే నేను వెళ్తాలే" అంటాం. ఇంగ్లీష్‌లో కూడా ఇంచుమించు ఇంతే, అవతలి మనుషులతో మాట్లాడుకుని, టైమ్ అనుకుని, ఏర్పాటు అయిపోయిందంటే ప్రెజెంట్ కంటిన్యూయస్ వేస్తారు. నువ్వు వెళ్ళే పెళ్ళికి ముహూర్తం పెట్టేశారు, కార్డులు పంచేశారు, దానికి విల్ అంటే నువ్వు ఎగ్జామినర్ ముందు కూర్చుని అప్పుడే డిసైడ్ అయినట్టు వినపడుతుంది. "ఐ యామ్ గోయింగ్ టు మై ఆంట్స్ ప్లేస్, మై కజిన్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్" అని చెప్పు చాలు, ఇక్కడ గోయింగ్ అంటే వెళ్ళడమే, ఇందాకటి గోయింగ్ టు కాదు. ఇంకోటి, వెళ్ళేది వెడ్డింగ్‌కి, మ్యారేజ్‌కి కాదు. షల్ గురించి బెంగ పెట్టుకోకు, "షల్ ఐ ఓపెన్ ద విండో" అని అడగడానికి ఉంచుకో.

డల్లాస్_పోరడు:
మాస్టారు మంచిగ చెప్పిన్రు. నేనొకటి కలుపుత. మనోళ్ళు ఆఫీస్ కాల్స్‌ల మర్యాదగ ఉంటదని విల్ బదులు వుడ్ వాడుతరు, "ఐ వుడ్ బి సెండింగ్ ద ఫైల్ టుమారో" అని. ఇండియాల నడుస్తది గని ఇక్కడోళ్ళకి వుడ్ ఇన్నరంటే ఎనక ఏదో కండిషన్ ఉన్నట్టే. పంపేవాడినే కానీ... అన్నట్టు ఉంటది, ఆ కానీ ఏందా అని ఎదురుచూస్తరు. మా టీమ్‌ల దీనిమీద ఒకసారి పెద్ద కన్ఫ్యూజనే అయింది, ఫైల్ వస్తుందా రాదా అని మళ్ళ ఇంకో కాల్ పెట్టుకున్నరు. పంపేది ఖాయమైతే "ఐ విల్ సెండ్ ఇట్ టుమారో" అని సీదా చెప్పుడే. గోయింగ్ టు బదులు గొన్నా అని కూడా మస్తు ఇంటవు, మాట్లాడేటప్పుడు ఏం కాదు, రైటింగ్‌ల మాత్రం పెట్టకు.

బ్యాండ్_కోసం_బతుకు:
నేను కొంచెం డిఫర్ అవుతా. ఇదంతా చదివి ఆ అమ్మాయి విల్ అంటేనే భయపడేలా ఉంది 😄 స్పీకింగ్ పరీక్ష పార్ట్ వన్‌లో నీ వీకెండ్ అడిగితే సరే, కానీ పార్ట్ త్రీలో నీ ప్లాన్ అడగరు, ఊళ్ళు ఎలా మారతాయి, పుస్తకాలు ఉంటాయా పోతాయా ఇలాంటివి అడుగుతారు, అక్కడ "ఐ థింక్ పీపుల్ విల్ ప్రాబబ్లీ..." అనకపోతే కుదరదు, ఎందుకంటే అది ప్లాన్ కాదు, నీ అంచనా. "ఆర్ లైక్లీ టు" కూడా కలుపు. కళ్ళ ముందు ఆధారం కనిపిస్తుంటే మాత్రం గోయింగ్ టు, మబ్బులు చూసి వాన వచ్చేలా ఉంది అంటాం చూడు, అది "ఇట్స్ గోయింగ్ టు రెయిన్". ఇంకా డిసైడ్ అవ్వని వాటికి "ఐ యామ్ హోపింగ్ టు", "ఐ యామ్ థింకింగ్ ఆఫ్" వాడితే ఇంకా బాగుంటుంది. స్పీకింగ్‌లో మార్కులు నాలుగు వాటికి సమానంగా వేస్తారు, గ్రామర్ అందులో ఒకటే, అందులోనూ తప్పుల్లేకపోవడం ఒక్కటే కాదు రకరకాల వాక్యాలు వస్తున్నాయా అని కూడా చూస్తారు. నువ్వు మూడు వాక్యాలూ ఐ విల్, ఐ విల్, ఐ విల్ అన్నావు, మీ మేడమ్‌కి అసలు అక్కడే కొట్టి ఉంటుంది. అలా అని ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ ఇరికించాలని మాత్రం చూడకు, మధ్యలో ఆగిపోతావు.

కృష్ణలంక_అమ్మాయి:
థాంక్యూ సో మచ్ అందరికీ, వెళ్తున్నా, వెళ్తాలే దగ్గర టక్కున వెలిగింది 🙏 మళ్ళీ రాశా చూడండి. "మై కజిన్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్ ఆన్ సాటర్‌డే, సో ఐ యామ్ గోయింగ్ టు మై ఆంట్స్ ప్లేస్ ఇన్ ఏలూరు. మై ట్రైన్ విల్ లీవ్ ఎట్ సిక్స్ ఇన్ ద మార్నింగ్. వెన్ ఐ విల్ రీచ్ దేర్, ఐ యామ్ గోయింగ్ టు హెల్ప్ దెమ్ విత్ ద డెకరేషన్స్."

పాత_ట్యూషన్_మాస్టారు:
చాలా నయం. రెండు మార్చు. రైలు టైమ్ టేబుల్ ప్రకారం నడిచేది, నీ నిర్ణయం కాదు, కాబట్టి "మై ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్". రెండోది, టైమ్ చెప్పే వెన్ వెనకాల విల్ రాదు, "వెన్ ఐ గెట్ దేర్" చాలు. టైమ్ చెప్పే ఆఫ్టర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, షరతు చెప్పే ఇఫ్ అన్నిటికీ అంతే. "ఇఫ్ ఐ విల్ గెట్ ద వీసా" అనే మాట మా పిల్లల నోట వదిలించడానికి తలప్రాణం తోకకొచ్చేది. ఇక రాయడం ఆపి ఫోన్‌లో రికార్డు చేసుకుని విను, నీ పరీక్ష నోటితో కదా.