మనిషిని యుద్ధానికి పంపేది దేశభక్తా, నలుగురి చూపా?

ఆదోని పాఠకుడు:
ఖడ్గ తిక్కన కథ అందరికీ తెలిసిందే. 13వ శతాబ్దంలో పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) తగాదా ముదిరి, నెల్లూరు మనుమసిద్ధి తరఫున కాటమరాజు మీదికి వెళ్లిన ఆ సేనాని ఓడి ఇంటికి వస్తాడు. భార్య మంచం అడ్డుపెట్టి, ఆడవాళ్లకు పెట్టినట్టు పసుపుతో సహా స్నానానికి ఏర్పాటు చేస్తుంది. తల్లి విరిగిన పాలు పోస్తుంది. అతను మళ్లీ వెళ్లి ప్రాణం వదులుతాడు. చాలా యుద్ధాలకు మనుషులను పంపింది ఈ సిగ్గేనని నేనంటాను. కాదనేవారు చెప్పండి.

తాడిపత్రి మిత్రుడు:
నేను కాదంటాను. అది కథ. మన కరువు జిల్లాల్లో కుర్రవాళ్లు సైన్యంలో చేరేది జీతం కోసం, పింఛను కోసం. సిగ్గుకు అంత బలమే ఉంటే మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జనవరిలో, బ్రిటన్ నిర్బంధ సైనిక సేవ చట్టం తేవలసిన అవసరమేమిటి?

కడప నుంచి:
తాడిపత్రి మిత్రమా, చట్టానికి ముందు జరిగింది కూడా చూడండి. 1914 ఆగస్టులో ఫిట్జ్‌జెరాల్డ్ అనే విశ్రాంత నౌకాదళాధికారి ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్ పట్టణంలో 30 మంది స్త్రీలను పోగుచేశాడు. మామూలు బట్టల్లో కనిపించిన ప్రతి యువకుడి చేతిలో పిరికితనానికి గుర్తుగా తెల్ల ఈక పెట్టించాడు. ఆ అలవాటు దేశమంతా పాకింది. గాయపడి ఇంటికి వచ్చినవారికీ ఈకలు దక్కాయి. చివరికి సేవ ముగించుకున్నవారు కోటుకు పెట్టుకోవడానికి 1916 సెప్టెంబరులో ప్రభుత్వమే వెండి బిళ్ల ఇవ్వవలసి వచ్చింది. ఎంత దుర్మార్గం!

మన దగ్గర మాత్రం తక్కువా? సీమలో ఊరూరా వీరగల్లులున్నాయి, పోరులో పడినవారికి నిలిపిన బొమ్మల రాళ్లు. కింద పోరు, పైన వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు. ప్రాణాలతో తిరిగివచ్చినవాడికి రాయి నిలపరు. కక్షల కాలంలో వెనకాడినవాణ్ణి గాజులు తొడుక్కోమన్న ఊళ్లు ఇవే. ఆ మాటకు రోషపడి వెళ్లినవాడి పిల్లలను తర్వాత ఎవరు సాకారు?

తాడిపత్రి మిత్రుడు:
ఈకల సంగతి ఒప్పుకుంటాను. కానీ తుపాకుల ముందు మనిషిని నిలబెట్టేది పక్కవాణ్ణి వదిలి రాలేని మనసు. దాన్ని సిగ్గుతో కలపకండి, అది స్నేహం.

కడప నుంచి:
స్నేహమే. ఆ స్నేహాన్నే ఎరగా వేశారన్నది నా కోపం. ఒకే ఊరివాళ్లు, ఒకే మిల్లువాళ్లు కలిసి చేరితే కలిపే ఉంచుతామని బ్రిటన్‌లో దళాలు కట్టారు. పదిమంది స్నేహితులు పేర్లు రాయించుకుంటుంటే పదకొండోవాడు ఇంట్లో ఎలా కూర్చుంటాడు? ఇంగ్లండ్‌లోని అక్రింగ్టన్ పట్టణం పేరిట కట్టిన అలాంటి దళం 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, సెర్ గ్రామం మీదికి కదిలింది. వెళ్లినవారు దాదాపు 700 మంది. అరగంటలోపే 580 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా గల్లంతయ్యారు. కలిపే ఉంచుతామన్న మాట నిలబెట్టుకున్నారు కాబట్టే ఆ పట్టణంలో, చుట్టుపక్కల ఊళ్లలో అంతమంది ఇళ్లకు ఒక్కరోజు పోరు కబురే వెళ్లింది.

ఆదోని పాఠకుడు:
అయితే పదకొండోవాణ్ణి పంపింది స్నేహమా, సిగ్గా? తాడిపత్రి మిత్రులు దీనికి జవాబు చెప్పాలి.