జోరురి అన్న మాటలో మన వైడూర్యం

జోరురి అంటే జపానులో వాద్యం తోడుగా కథ చెప్పే కళ; బొమ్మలాడించేవారు కూడా ఆ కథకుడితో కలిసి ప్రదర్శిస్తారు. దానిని తెలుగులో 'బొమ్మలాట' అని అనువదించవచ్చునా అని మిత్రులొకరు నిన్న అడిగారు. అలా అనువదించకూడదనే నా అభిప్రాయం. ఆ మాటకు బొమ్మలతో పుట్టుసంబంధం ఏమీ లేదు. పైగా దాని మూలాన్ని తవ్వుకుంటూ పోతే మనకు బాగా తెలిసిన ఒక రత్నం బయటపడుతుంది.

జోరురిని మూడు చైనా అక్షరాలతో వ్రాస్తారు. మొదటిదైన 'జో'కు శుద్ధమైనది, నిర్మలమైనది అని అర్థం. తక్కిన రెండూ కలిసి 'రురి'. ఈ రురి పుట్టుకతో జపాను మాట కాదు, చైనా మాటా కాదు. సంస్కృతంలో వైడూర్యంగా, పాళీలో వేళురియగా ఉన్న పదాన్ని చైనావారు వినబడిన ధ్వనిని బట్టి తమ లిపిలోకి ఎక్కించుకున్నారు. కాలక్రమంలో మొదటి అక్షరం జారిపోయి 'లియులి' మిగిలింది. జపాను భాషలో లకారం లేదు కనుక అది రురి అయింది. ఇదే ప్రాకృత రూపం పడమటికి పోయి గ్రీకులో 'బేరిల్లోస్' అయింది. జర్మన్లు కళ్ళజోడును 'బ్రిల్లె' అనడం కూడా ఆ శాఖలోనిదే. అర్థం మాత్రం దారిలో మారింది. మన నవరత్నాలలో వైడూర్యమంటే పిల్లికన్ను రాయి. జపానులో రురి అంటే లాపిస్ లాజులీ అనే ముదురు నీలపు రాయి, ఆ రాతి రంగు కూడా.

రాయి పేరు నాటకశాలకు ఎలా చేరిందన్నదే ఇందులో అసలు కథ. మహాయాన బౌద్ధంలో భైషజ్యగురు అనే వైద్య బుద్ధుడున్నాడు. జపాను వారు ఆయనను యకుషి అంటారు. తూర్పు దిక్కున ఉన్న ఆయన లోకానికి సంస్కృతంలో వైడూర్యనిర్భాసమని పేరు, జపానులో జోరురి అని పేరు. మికావా ప్రాంతంలో, నేటి ఒకజాకి నగరం ఉన్నచోట, యహగి అనే మజిలీలో సంతానం లేని ఒక సంపన్న దంపతులు యకుషికి మొక్కుకోగా ఆడపిల్ల పుట్టిందనీ, అందుకే ఆమెకు జోరురి అని పేరు పెట్టారనీ కథ. మొక్కుకున్న దైవం పేరు బిడ్డకు పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. అయితే ఇక్కడ దైవం పేరు కాక దైవలోకం పేరు పెట్టారు. ఆ జోరురి కన్య, తరువాతి కాలంలో యోషిత్సునే అని ప్రసిద్ధుడైన మినమోతో వంశపు బాలవీరుడు తూర్పు దేశాలకు పోతూ ఆ ఊరిలో ఆగినప్పుడు అతనిని ప్రేమిస్తుంది. ఈ కథను సంచారగాయకులు ఊరూరా వినిపించారు. 1531 నాటి సోచో అనే కవి దినచర్యలోనే ఒక అంధగాయకుడి చేత జోరురి పాడించుకున్న ప్రస్తావన ఉంది.

ఆ కథ ఎంతగా జనాదరణ పొందిందంటే, అదే పద్ధతిలో చెప్పే వేరే కథలను కూడా జోరురి అనే పిలవసాగారు. అప్పటికింకా బొమ్మలు రాలేదు. పదహారవ శతాబ్ది ఉత్తరార్ధంలో ర్యుక్యూ దీవుల నుంచి వచ్చిన మూడు తీగల వాద్యం షమిసెన్‌గా మారి కథకుడికి తోడైంది; ఆ శతాబ్ది ముగిసే వేళకు బొమ్మలను ఆడించేవారు వారితో కలిశారు. 1684లో తకెమోతో గిదయు అనే జోరురి కథకుడు ఒసాకాలో తకెమోతో-జా అనే నాటకశాల నెలకొల్పాడు. అతని కోసం చికమాత్సు మొంజాయెమోన్ అనే నాటకకర్త వ్రాసిన సొనెజాకి జంట మరణాల నాటకం 1703లో ప్రదర్శితమైంది. ఒక్కొక్క బొమ్మను ముగ్గురేసి మనుషులు ఆడించే పద్ధతి 1734లో గాని రాలేదు. అంటే ఆ పేరు పుట్టిన రెండు శతాబ్దాలకు గాని మనం నేడు చూసే బొమ్మలాట రూపం తయారు కాలేదన్నమాట.

బొమ్మలున్నాయని ప్రత్యేకించి చెప్పవలసి వస్తే జపాను వారే 'నింగ్యో జోరురి' అంటారు. నింగ్యో అంటే బొమ్మ. బొమ్మలే లేని జోరురి కూడా ఉంది: కబుకి అనే జపాను సంప్రదాయ నాటకంలోని నృత్యాలకు తోడుగా వినిపించే తోకివజు, కియోమోతో శైలులు జోరురి శాఖలే. కనుక ఆ పేరు గొంతుకు చెందినది, కొయ్యకు కాదు. ఇక ఈ బొమ్మలాటకు నేడు వాడుకలో ఉన్న 'బున్‌రకు' అన్న పేరు ఇంకా తరువాతిది. అవాజి దీవి నుంచి ఒసాకాకు వచ్చి బొమ్మలాట నడిపిన ఉఎమురా బున్‌రకుకెన్ పేరు మీదుగా 1872లో వెలసిన బున్‌రకు-జా నుంచి అది వ్యాపించింది. మన సురభి అనే ఊరి పేరు నాటకాల పేరైనట్లు అక్కడ ఒక మనిషి పేరు కళ పేరైంది.

జోరురిని పాడతారనక 'చెబుతారు' అనే అంటారా అని ఒక సభ్యురాలు అడిగారు. అవునమ్మా, జోరురిని 'పాడతారు' అనరు, 'కతరు' అంటారు, అంటే 'చెబుతారు'. సోచో దినచర్యలో 'పాడించుట' అన్న క్రియే ఉన్నా, వాడుకలో నిలిచింది చెప్పుటే. మనం కూడా హరికథ చెప్పారు, బుర్రకథ చెప్పారు అంటాం గదా. ఎంత సంగీతమున్నా క్రియ మారదు. 'తయు' అనే ఆ కథకుడు మొదలుపెట్టే ముందు పుస్తకాన్ని రెండు చేతులా పైకెత్తి తల వంచుతాడు. ఆపై ముసలివాడి గొంతు, పసిపిల్ల గొంతు, మధ్యలో వర్ణన అన్నీ సాధారణంగా ఒక్కడే పలుకుతాడు. ఈ ఒక్క విషయంలో జోరురికి మన తోలుబొమ్మలాట కంటె హరికథే దగ్గరి చుట్టం అనిపిస్తుంది.

ఉచ్చారణ గురించి ఒక మాట. రోమను లిపిలో దీర్ఘపు గుర్తు తరచూ రాలిపోవడం వలన కొందరు 'జొరూరి' అని వ్రాస్తున్నారు. జో దీర్ఘం, రు, రి హ్రస్వాలు. తెలుగు లిపిలో ఆ తేడా చక్కగా పలుకుతుంది కనుక జోరురి అనే వ్రాద్దాం. అనువాదం తప్పనిసరి అయిన చోట 'కొయ్యబొమ్మల జోరురి' అనడం నాకు సమ్మతం.