మలుపుల్లో పెట్రోల్ అందట్లేదు: సర్జ్ ట్యాంక్ తప్పదా?

ప్రశ్న
నాది టర్బో ఇంజెక్షన్ కారు, దాదాపు 300 హార్స్‌పవర్. ట్రాక్ మీద పొడవాటి ఎడమ మలుపు చివర్లో యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఊపిరి అందనట్టు తడబడుతోంది. ట్యాంక్ సగానికి పైన ఉంటే ఈ బాధ లేదు. పెద్ద పంపు వేయమని ఒకరు, సర్జ్ ట్యాంక్ (మెయిన్ ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య ఎప్పుడూ నిండి ఉండే చిన్న ట్యాంకు) పెట్టమని ఇంకొకరు. ఏది చేయాలి?

జవాబు 1
పెద్ద పంపు మీద డబ్బు పోయకండి. గాలి పీల్చే పంపు ఎంత పెద్దదైతే ఏం లాభం? మలుపులో 1 జీ పక్కబలం పడితే ట్యాంకులో పెట్రోల్ మట్టం 45 డిగ్రీలు ఒరుగుతుంది, పికప్ (పంపు పెట్రోల్ పీల్చే మూతి) బయటపడుతుంది. కార్బ్యురేటర్‌కి ఫ్లోట్ బౌల్‌లో కాస్త నిల్వైనా ఉంటుంది, ఇంజెక్షన్‌కి అదీ లేదు. బూస్ట్ మీద (టర్బో గాలిని ఒత్తి నింపుతూ) ఉండగా పెట్రోల్ ప్రెషర్ పడిపోతే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం) వస్తుంది, పిస్టనే కరిగిపోవచ్చు. సర్జ్ ట్యాంకే పెట్టండి.

జవాబు 2
అంత తొందరెందుకండీ? డిక్కీలో ఇంకో ట్యాంకు అంటే ఇంకో పంపు, ఇంకో నాలుగు జాయింట్లు, ప్రతి జాయింటూ ఓ లీకు భయం. ముందు ట్యాంకులో పికప్ చుట్టూ బాఫిల్స్ (పెట్రోల్ పక్కకి పారకుండా ఆపే అడ్డుపలకలు), లోపలికి మాత్రమే తెరుచుకునే ట్రాప్ డోర్లు పెట్టించండి. నా బండికి అవే సరిపోయాయి. అన్నిటికంటే ముందు పెట్రోల్ ప్రెషర్ లాగ్ చేయండి (బండి నడుస్తుండగా రికార్డు చేయండి). తిన్నటి దారిలో కూడా పడిపోతుంటే తప్పు ట్యాంకుది కాదు. ఫిల్టరో, పంపో, పంపు దగ్గరికి సరిగా వోల్టేజీ రాకపోవడమో అయ్యుంటుంది.

ప్రశ్న వేసిన నేనే
లాగ్ చేశాను. 1 బార్ బూస్ట్‌కి రైల్‌లో (ఇంజెక్టర్లకి పెట్రోల్ ఇచ్చే గొట్టంలో) 4 బార్ ఉండాలి. తిన్నగా వెళ్తే 4 దగ్గరే కదలకుండా ఉంది. ఆ ఎడమ మలుపులో మాత్రం 2.6కి పడింది. చూడగానే గుండె ఝల్లుమంది.

జవాబు 3
అయితే ట్యాంకులోనే ఉంది సమస్య. సర్జ్ ట్యాంక్ పెడితే మాత్రం రిటర్న్ పైపు (ఇంజిన్ వాడగా మిగిలిన పెట్రోల్ వెనక్కి వచ్చేది) ఎటు పోతోందో చూసుకోండి. చాలామంది పాత లైనే కదా అని దాన్ని మెయిన్ ట్యాంకులోకే వదిలేస్తారు. గంటకు 255 లీటర్ల పంపు అంటే సెకనుకు 70 మిల్లీలీటర్లు. లీటరు సర్జ్ ట్యాంక్ 14 సెకన్లలో ఖాళీ. రిటర్న్ సర్జ్ ట్యాంకులోకే వస్తే ఇంజిన్ తాగినంతే తగ్గుతుంది. మీ ఇంజిన్‌కి ఫుల్ థ్రాటిల్‌లో సెకనుకు సుమారు 25 మిల్లీలీటర్లు, అంటే అదే లీటరు 40 సెకన్లు వస్తుంది. ఓవర్‌ఫ్లో (మెయిన్ ట్యాంకుకి తిరిగి పోయే పైపు) అన్నిటికంటే పైన ఉండాలి, లిఫ్ట్ పంపు (మెయిన్ ట్యాంకు నుంచి సర్జ్ ట్యాంకులోకి పోసేది) పంపే గాలి అటునుంచే పోవాలి. ఇంజిన్‌కి పంపే హై ప్రెషర్ పంపుకి సర్జ్ ట్యాంకు అడుగునుంచి తీయాలి.

జవాబు 2
లెక్క ఒప్పుకుంటాను. కానీ అదే పెట్రోల్ తిరిగి తిరిగి వేడెక్కదా?

జవాబు 3
ఇంజిన్ తాగేదానికన్నా లిఫ్ట్ పంపు ఎక్కువ పోస్తుంటే చల్లది వచ్చి వేడిది ఓవర్‌ఫ్లోలో పోతుంది. అయినా ఆ డిక్కీ భయం నాకూ ఉంది. క్యాబిన్‌కీ దానికీ మధ్య లోహపు అడ్డుగోడ లేకుండా నేనైతే పెట్టను.

ప్రశ్న వేసిన నేనే
ముందు బాఫిల్స్ పెట్టిస్తాను. పావు ట్యాంకుతో అదే మలుపులో మళ్ళీ లాగ్ తీస్తాను. 4 నిలబడకపోతే సర్జ్ ట్యాంకే, రిటర్న్ అందులోకే. అప్పటిదాకా సగం ట్యాంకు కిందికి దించను.