ఎక్సెల్‌లో పేర్లు వాటంతటవే నిండిపోకుండా ఒక్క ఫైల్‌లో మాత్రమే ఆపడం ఎలా?

అందరికీ నమస్కారం. మా పాల కేంద్రం లెక్కలు ఎక్సెల్‌లో నేనే రాస్తాను. పేర్ల కాలమ్‌లో పైన ‘రాములు నాయక్’ ఉంటే, కింద ‘రాములు’ అని కొట్టి ఎంటర్ నొక్కగానే మళ్లీ ‘రాములు నాయక్’ పడుతోంది. ఒకరి పాలు ఇంకొకరి ఖాతాలోకి పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. పాల డబ్బు మీదే ఇల్లు గడిచేవాళ్లున్నారు మరి.

ఎంటర్‌కి ముందు డిలీట్ కొడితే ఆగుతుంది కానీ, పొద్దున్నే క్యూ నిలబడి ఉండగా ప్రతి పేరుకీ అదెక్కడ గుర్తుంటుంది? ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఆటోకంప్లీట్ టిక్ తీస్తే అన్ని ఫైళ్లకూ పోతోంది. దాణా స్టాకు ఫైల్‌లో మాత్రం అది కావాలి. ఈ ఒక్క ఫైల్ తెరిచినప్పుడే ఆగేలా మాక్రో (ఎక్సెల్ తనంతట తానే పని చేసేలా రాసే చిన్న ప్రోగ్రామ్) ఎలా రాయాలో, ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. మాక్రో లేకుండా దారుంటే ఇంకా మేలు.